చిప్పుల యుద్ధమా, చిప్పుల గొలుసా? — ఒక గ్రంథ విమర్శ

అమెరికా దేశీయుడగు క్రిస్ మిల్లరు రచించిన ‘చిప్ వార్’ అను ఆంగ్ల గ్రంథము 2022 అక్టోబరులో వెలువడినది. రచయిత భౌతిక శాస్త్రజ్ఞుడు కాడు, ఇంజనీరును కాడు. టఫ్ట్సు విశ్వవిద్యాలయమునకు చెందిన ఫ్లెచరు విద్యాలయమున అంతర్జాతీయ చరిత్రను బోధించు ఆచార్యుడు. ఆ సంవత్సరమే ‘ఫైనాన్షియల్ టైమ్స్’ పత్రికవారి వ్యాపార గ్రంథ బహుమానము దీనికి లభించినది. నాటినుండి చిప్పులను గూర్చి వ్రాయువారును, ప్రసంగించువారును పెక్కుమంది ఈ పుస్తకమునే ప్రమాణముగా చూపుచున్నారు.

మన దేశమందును ఈ విషయము ఇంటింటి మాట అయినది. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము అర్ధవాహక పరిశ్రమకై 76,000 కోట్ల రూపాయల పథకమును ప్రకటించినది. 2024 ఫిబ్రవరిలో గుజరాతునందలి ధోలేరాలో టాటా సంస్థయు, తైవానుకు చెందిన పవర్‌చిప్ సంస్థయు కలసి నెలకొల్పదలచిన కర్మాగారమునకు కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. 2025 ఆగస్టులో ఆంధ్ర ప్రదేశ్‌కును ఒక కర్మాగారము మంజూరైనది. ఈ వార్తలను చదివిన విద్యార్థి తన ఉపాధ్యాయుని అడుగు ప్రశ్న ఒక్కటే: ధనమున్నది, స్థలమున్నది, చదువుకొన్నవారున్నారు, అయినను చిప్పులు చేయుట ఇంత కష్టమేల?

ఈ ప్రశ్నకు ‘చిప్ వార్’ సమాధానము చెప్పుచున్నదా యని పరీక్షించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. సగము చెప్పుచున్నదని మా అభిప్రాయము. చెప్పిన సగము చాల బాగుగా చెప్పినది. విడిచిన సగము వలన పాఠకునికి పొరపాటు భావము కలుగు ప్రమాదమున్నది. ఏది మంచి, ఏది కొరత అను వివరములను ఇక చూతము.

గ్రంథములోని విషయము

గ్రంథము ఎనిమిది భాగములుగా నున్నది. 2020 ఆగస్టులో తైవాను జలసంధిలో సాగిన ఒక అమెరికా యుద్ధనౌకతో కథ ఆరంభమగును. అచటినుండి రచయిత వెనుకకు మరలి, 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టుటను, 1958లో జాక్ కిల్బీయు, 1959లో రాబర్టు నోయిసును వేర్వేరుగా సమీకృత వలయమును కనుగొనుటను వర్ణించును. పెక్కు ట్రాన్సిస్టరులను ఒకే ముక్కపై నిర్మించి కలుపుటయే సమీకృత వలయము. దానినే మనము చిప్పు అనుచున్నాము. తరువాత జపాను ఎదుగుదల, కొరియా ప్రవేశము, తైవాను ప్రాబల్యము, తుదకు చైనా అమెరికాల స్పర్ధ వరుసగా వచ్చును. మొదట పాత్రల జాబితాయు, పదముల అర్థములును ఇచ్చుట వలన కొత్త పాఠకునికి దారి తప్పదు.

ఇందలి కొన్ని ఘట్టములు ఉపాధ్యాయులకు మిక్కిలి ఉపయోగపడును. మొదటిది సోవియట్ రష్యా కథ. మాస్కో చేరువనున్న జెలెనోగ్రాదు పట్టణమును ఆ ప్రభుత్వము సూక్ష్మ ఎలక్ట్రానిక్ పరిశ్రమకై నిర్మించినది. ఆ దేశమున గొప్ప భౌతిక శాస్త్రజ్ఞులుండిరి; ధనమునకు లోటు లేదు. అయినను అమెరికా చిప్పులను తెచ్చి యథాతథముగా నకలు చేయవలెనను విధానము అవలంబింపబడినది. నకలు చేయువాడు నమూనా కంటె ఎల్లప్పుడును కొన్ని సంవత్సరములు వెనుకనే యుండును. పైగా చిప్పును చూచినంత మాత్రమున దానిని ఏ ఉష్ణోగ్రతవద్ద, ఏ శుద్ధిగల రసాయనముతో చేసిరో తెలియదు. వంటకమును రుచి చూచినంతనే వండుట రాదు గదా! ఈ అధ్యాయములను చదివిన విద్యార్థికి జ్ఞానమునకును, చేతి నేర్పునకును గల సంబంధము చక్కగా బోధపడును.

రెండవది మోరిస్ చాంగు కథ. చైనాలో 1931లో పుట్టి, అమెరికాలో చదివి, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పాతికేండ్లు పనిచేసిన ఈయన, 1987లో తైవాను ప్రభుత్వ సహాయముతో టి.ఎస్.ఎం.సి. సంస్థను స్థాపించెను. ఆ సంస్థ తన పేర ఏ చిప్పును రూపొందింపదు. ఇతరులు గీసి యిచ్చిన రూపములను మాత్రమే తయారుచేయును. మన బెజవాడ ముద్రణాలయములు తాము కవిత్వము వ్రాయక అందరి పుస్తకములను అచ్చువేసినట్లే ఇదియును. అందువలన కర్మాగారము లేనివాడు కూడ చిప్పులను రూపొందించి అమ్ముకొనగలిగెను. నేడు హైదరాబాదులో వేలకొలది ఇంజనీర్లు చిప్పుల రూపకల్పనలో జీవించుచున్నారన్న, దానికి మూలము ఈ ఏర్పాటే.

మూడవది నెదర్లాండ్సు దేశపు ఎ.ఎస్.ఎం.ఎల్. సంస్థ యంత్రమును గూర్చిన ఘట్టము. ఇందు వాడు కాంతి యొక్క తరంగ దైర్ఘ్యము 13.5 నానోమీటరులు. మన కంటికి కనబడు ఊదారంగు కాంతి తరంగము సుమారు 400 నానోమీటరులనిన, ఇది ఎంత సూక్ష్మమో ఊహింపవచ్చును. కరగిన తగరపు బిందువులు సెకనుకు 50,000 చొప్పున జారుచుండగా, వానిని లేసరు కిరణముతో కొట్టి ఈ కాంతిని పుట్టింతురు. గాలియు గాజును దీనిని మ్రింగివేయును గనుక పని అంతయు శూన్యములో, కటకములకు మారుగా దర్పణములతో జరుగవలెను. లేసరు ఒక జర్మను సంస్థది, దర్పణములు జైస్ అను మరియొక జర్మను సంస్థవి. ఈ భాగమును రచయిత ఉత్సాహముతో వ్రాసెను. చదువరియు ఉత్సాహముతోనే చదువును.

మొదటి కొరత: రసాయన శాస్త్రము

ఇక కొరతలు. యంత్రములను, కర్మాగారాధిపతులను ఇంతగా వర్ణించిన గ్రంథము, పదార్థమును గూర్చి మాత్రము పొదుపుగా మాటాడును. సిలికను ఏల కావలెను? దానిని ఎంత శుద్ధి చేయవలెను? చిప్పు తయారీ ఎన్ని మెట్లు? ఇవి తెలియనిదే విద్యార్థి ప్రశ్నకు సమాధానము దొరకదు. గ్రంథకర్త విడిచిన దానిని మనము కొంత పూరింతము.

రాగి విద్యుత్తును సులభముగా పోనిచ్చును, గాజు పోనీయదు. సిలికను ఈ రెండింటికి నడుమ నుండును గనుక అర్ధవాహకము. దాని గొప్పతనము ఈ నడిమి స్థితియందు లేదు. ఆ స్థితిని మన యిష్టము వచ్చినట్లు మార్చుటకు వీలగుట యందున్నది. కోటి సిలికను పరమాణువులలో ఒక్క భాస్వరపు పరమాణువును చేర్చినను వాహకత్వము ఎన్నో రెట్లు పెరుగును. బోరాను చేర్చిన మరియొక విధమైన వాహకత్వము కలుగును. కోటికి ఒకటి చొప్పున మనము కోరి కలిపిన పరమాణువు ఇంత పని చేయుచుండగా, కోరకుండ చొచ్చిన మాలిన్యము ఎంత చెరుపు చేయునో వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేతనే ఈ పరిశ్రమకు వాడు సిలికను శుద్ధిని వ్రాయునప్పుడు తొమ్మిదులను వరుసగా పేర్చుదురు. నూటికి 99.9999999 పాళ్ళు, కొన్ని యెడల అంతకు మించియు, శుద్ధము కావలెను.

ఇట్టి సిలికనును కరగించి, అందొక చిన్న స్ఫటికమును తాకించి, మెల్లమెల్లగా త్రిప్పుచు పైకి లాగుదురు. 1916లో పోలండుకు చెందిన యాన్ చొక్రాల్‌స్కీ కనుగొన్న పద్ధతి ఇది. ఒకే స్ఫటికముగా పెరిగిన ఆ స్తంభమును పలుచని పలకలుగా కోయుదురు. పెద్ద కర్మాగారములలో పలక వ్యాసము 300 మిల్లీమీటరులు. దానిపై కాంతిచే స్పందించు పూత పూయుట, రూపమును ముద్రించుట, ఆమ్లములతోను వాయువులతోను చెక్కుట, పరమాణువులను చొప్పించుట, కడుగుట, కొలుచుట అను పనులు మరల మరల జరుగును. మొత్తము మెట్లు కొన్ని వందలు.

ఇచట తరగతిలో చేయదగిన లెక్క ఒకటి కలదు. మెట్లు 500 అనుకొందము. ప్రతి మెట్టునందును నూటికి 99 చిప్పులు చెడకుండ దాటునని అనుకొందము. నూటికి 99 అనిన పరీక్షలో మహా విజయమే. కాని 0.99ని దానితోనే 500 పర్యాయములు గుణించిన వచ్చునది సుమారు 0.0066. అనగా వేయి చిప్పులలో తుదకు మిగులునవి ఆరో ఏడో! ప్రతి మెట్టున వేయికి 999 దాటినచో తుదకు వేయికి 606 మిగులును. పదివేలకు 9,999 దాటినప్పుడే వేయికి 951 మిగిలి, కర్మాగారము లాభమున నడచును. లాగరిథములు నేర్చిన విద్యార్థి ఎవడైనను ఈ లెక్కను స్వయముగా చేసి చూచుకొనవచ్చును. చిప్పులు చేయుట ఏల కష్టమో, నకలు ఏల పనికిరాదో, కొత్త కర్మాగారము ఏల నష్టముతో ఆరంభమగునో ఈ మూడు వరుసలు చెప్పినంత స్పష్టముగా పెద్ద గ్రంథమైనను చెప్పలేదు.

రెండవ కొరత: యుద్ధమను ఉపమానము

గ్రంథము పేరే యుద్ధము. ఏ దేశము ఏ కీలకమును చేతబట్టినది, ఎవరు ఎవరి గొంతు నొక్కగలరు అనునదే రచయిత దృష్టి. ఇందు సత్యము లేకపోలేదు. 2019 జూలైలో జపాను దక్షిణ కొరియాకు పంపు మూడు రసాయన పదార్థములపై కట్టుబాట్లు విధించినది. వానిలో శుద్ధ హైడ్రోజను ఫ్లోరైడు ఒకటి. 2022 అక్టోబరులో అమెరికా చైనాకు ఉన్నత చిప్పులను, యంత్రములను పోనీయకుండ కట్టడి చేసినది. 2023 ఆగస్టు నుండి చైనా గాలియము, జెర్మేనియముల ఎగుమతికి అనుమతులు నిర్బంధించినది. గ్రంథము అచ్చయిన పిమ్మట జరిగిన సంగతులు రచయిత చూపిన దారినే నడచుట ఆయన దూరదృష్టికి నిదర్శనమే.

కాని శత్రువు లేకుండనే గొలుసు తెగిన సందర్భములు ఎన్నో కలవు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రమున మంచు తుపాను వచ్చి విద్యుత్తు ఆగిపోగా ఆస్టిను నగరపు చిప్పుల కర్మాగారములు నిలిచిపోయినవి. ఆ మార్చి 19న జపానులో రెనెసాస్ సంస్థవారి నాకా కర్మాగారమున అగ్ని ప్రమాదము జరిగి కార్ల పరిశ్రమ కలవరపడినది. ఆ సంవత్సరమే తైవానులో వానలు లేక జలాశయములు ఎండగా కర్మాగారములు ట్యాంకరు లారీలతో నీరు తెప్పించుకొనవలసి వచ్చినది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వలన అమెరికాలోని స్ప్రూస్ పైన్ అను చిన్న ఊరి గనులు కొన్ని దినములు మూతపడినవి. కరగిన సిలికనును పట్టు మూసలకు కావలసిన అతి శుద్ధ స్ఫటిక శిల ముఖ్యముగా ఆ ఊరినుండియే వచ్చుచున్నది.

నియాను కథ మరింత విచిత్రము. 193 నానోమీటరుల కాంతినిచ్చు లేసరులలో అత్యధిక భాగము నియాను వాయువే. ఉక్కు కర్మాగారములు ప్రాణవాయువు కొరకు గాలిని విడదీయునప్పుడు ఇది ఉపఫలముగా లభించును. రష్యా ఉక్కు కర్మాగారములలో దొరికిన ముడి నియానును ఉక్రెయినులోని మరియుపోలు, ఒడెస్సా నగరములలో శుద్ధిచేసెడివారు. చిప్పులకు వలయు నియానులో సుమారు సగము అచటినుండియే వచ్చెడిదని అంచనా. 2022లో యుద్ధము రాగా ఆ రెండు నగరముల పనియు ఆగినది. ఇది యుద్ధమే, కాని చిప్పుల కొరకు చేసిన యుద్ధము కాదు. పరిశ్రమ అప్పుడు నిలిచిపోలేదు. ఎందువలన? కొందరు ముందుగానే నిలువ చేసికొనిరి. వాడిన వాయువును మరల పట్టి వాడుకొనిరి. ఇతర దేశముల నుండి తెచ్చుకొనిరి. వీరిని కాపాడినవి ముందుచూపు, పొదుపు. ఇవి సైనిక గుణములు కావు, గృహస్థు గుణములు.

2021 నాటి కొరతను గూర్చి రచయిత చెప్పిన మాట ఒకటి గమనింపదగినది. ఆ సంవత్సరము చిప్పుల ఉత్పత్తి తగ్గలేదు, పెరిగినది. గిరాకి అంతకంటె మించుటయే కొరతకు ముఖ్య కారణమని ఆయన వాదము. మొత్తపు లెక్కకు ఈ వాదము సరియే. కాని కారులో వేయి చిప్పులుండగా ఒక్కటి రాకున్నను కారు కదలదు. గాదె నిండ ధాన్యమున్నదని చెప్పిన, ఉప్పు లేని వంట ఇంటికి ఊరట కలుగునా? మొత్తము సంఖ్య వేరు, కావలసిన వస్తువు కావలసిన వేళకు చేరుట వేరు. ఈ భేదమును గ్రంథము మరికొంత విచారింపవలసి యుండెను.

మూడవ కొరత: చిన్న చిప్పు, పనివాడు

రచయిత చూపు ఎల్లప్పుడును అతి సూక్ష్మమైన, అతి నూతనమైన చిప్పులపైననే నిలుచును. కాని కారు, విద్యుత్తు మీటరు, వైద్య పరికరము, రైలు సంకేతము మున్నగువానిలో పాత తరగతి చిప్పులే ఎక్కువ. ధోలేరా కర్మాగారమును 91,000 కోట్ల రూపాయలతో, నెలకు 50,000 పలకల సామర్థ్యముతో, 28 నుండి 110 నానోమీటరుల తరగతుల చిప్పులకై ఉద్దేశించిరి. ‘చిప్ వార్’ కొలబద్దతో చూచిన ఇది వెనుకబడిన ప్రయత్నముగా తోచును. ఆ కొలబద్ద తప్పు. మొహాలీ ప్రయోగశాలలో 180 నానోమీటరుల పద్ధతిలో తయారైన ‘విక్రమ్ 3201’ అను చిప్పును 2025 సెప్టెంబరులో ప్రదర్శించిరి. అది మన రాకెట్ల కొరకు ఉద్దేశింపబడినది. పనికి తగిన చిప్పే మంచి చిప్పు.

మొహాలీ పేరు వచ్చినది గనుక ఒక మాట. ఈ గ్రంథమున భారతదేశమునకు దక్కిన చోటు అత్యల్పము. మొహాలీలోని ప్రభుత్వ కర్మాగారము 1984లో ఉత్పత్తి ప్రారంభించినది. నాటి ప్రపంచ స్థాయికి అది కొన్ని అడుగులే వెనుక. 1989 ఫిబ్రవరిలో అగ్ని ప్రమాదమున కాలిపోయినది. తిరిగి తలయెత్తుటకు చాల సంవత్సరములు పట్టినది. 2006లో అంతరిక్ష శాఖ క్రింద ప్రయోగశాలగా మారినది. ఒకే దీపముపై ఆధారపడిన యింట ఆ దీపము ఆరిన చీకటియే. రచయిత రష్యా వైఫల్యమును వ్రాసినంత శ్రద్ధతో ఈ కథను వ్రాసియుండిన, కొత్తగా ఆరంభించు దేశములకు గ్రంథము మరింత పనికివచ్చెడిది.

ఇక పనివారు. హాంకాంగునందు చిప్పులను కూర్చిన స్త్రీలను గూర్చి ఆరంభమున ఒక మంచి అధ్యాయమున్నది. తరువాత అట్టి మనుష్యులు దాదాపు కనబడరు. మంత్రులు, అధిపతులు, సేనాపతులు మాత్రమే మిగులుదురు. కాని కర్మాగారముల విస్తరణకు అసలైన అడ్డంకి ఎచట వచ్చినదో చూడుడు. టి.ఎస్.ఎం.సి. అమెరికాలోని అరిజోనాలో 2021లో నిర్మాణము ఆరంభించినది. 2023 జూలైలో, నిపుణులైన పనివారు చాలనందున 2024లో కావలసిన ఉత్పత్తి 2025కు వాయిదా పడునని ప్రకటించినది. తైవాను నుండి అనుభవజ్ఞులను రప్పించి, తుదకు 2024 చివర పని మొదలిడినది. అదే సంస్థ జపానులోని కుమామోతోలో 2022లో పునాది వేసి, 2024 డిసెంబరు నాటికి ఉత్పత్తి ప్రారంభించినది. అచట చేయునవి కొంత పాత తరగతి చిప్పులు గనుక పని సులభమను మాట నిజమే. అయినను రసాయనములు, యంత్రములు, శిక్షణ పొందిన పనివారు చేరువలో నుండుట గొప్ప బలము. జర్మనీలోని మాగ్డెబుర్గులో ఇంటెల్ సంస్థ 2022లో ప్రకటించిన మహా కర్మాగారము 2025 జూలైలో విరమింపబడినది. ప్రభుత్వ ధనము వాగ్దానము చేసినంత మాత్రమున కర్మాగారము లేవదని దీనివలన తేలుచున్నది.

ఉపాధ్యాయులకు సూచన

ఆంధ్ర ప్రదేశ్‌కు 2025లో మంజూరైనది పలకలపై చిప్పులు ముద్రించు కర్మాగారము కాదు. తయారైన చిప్పులను కోసి, పరీక్షించి, తొడుగులలో కూర్చునది. ఒక కొరియా సంస్థ సాంకేతిక సహకారముతో ఏటికి 9.6 కోట్ల చిప్పులు కూర్చవలెనని సంకల్పము. పత్రికలు రెండింటిని చిప్పుల కర్మాగారమనియే వ్రాయుచున్నవి. ఉపాధ్యాయుడు ఈ భేదమును చెప్పవలెను. భేదము చెప్పుట చిన్నచూపు చూచుటకు కాదు. మలేషియాలోని పెనాంగులో ఇంటెల్ సంస్థ 1972లో ఆరంభించినదియు కూర్పు పనియే. అర్ధ శతాబ్దము విడువక చేయుటచే ఆ దీవి నేడు ప్రపంచమున పేరుపొందిన కేంద్రమైనది. చిన్న మెట్టును చక్కగా ఎక్కినవానికే పై మెట్టు అందును.

కావున ‘చిప్ వార్’ ఉన్నత పాఠశాల గ్రంథాలయములలో నుండదగినదే. ఉపాధ్యాయులు తప్పక చదువవలెను. విద్యార్థులకు మాత్రము ఒంటరిగా ఇయ్యక, పైన చెప్పిన లెక్కను, సిలికను పాఠమును జోడించి ఇయ్యవలెను. లేనిచో చిప్పు అనగా ఆయుధమనియు, దానిని గెలుచువారు రాజకీయవేత్తలనియు బాలుడు భావించును. కంప్యూటరు భాషలు నేర్చినంతనే ఈ పరిశ్రమలో సర్వము సిద్ధించునని తలచి, రసాయన శాస్త్రమును, లోహ శాస్త్రమును, కొలతల శాస్త్రమును విడిచిపెట్టును. కాని రేపటి కర్మాగారములకు కావలసినవారు వారే: ఆమ్లపు శుద్ధిని పరీక్షింపగలవారు, శూన్యపు పంపును బాగుచేయగలవారు, వాడిన నీటిని శుభ్రపరచి తిరిగి ఇయ్యగలవారు, పదివేలకు ఒక్క తప్పు ఎచట జరిగినదో ఓపికతో వెదకగలవారు. పాలిటెక్నిక్ విద్యార్థికి, బి.యస్సి. పట్టభద్రునకు ఇందు చోటున్నదను మాట తల్లిదండ్రులకును తెలియవలెను.

మిల్లరు గ్రంథము చిప్పుల చరిత్రలో రాజ్యముల పాత్రను చక్కగా చూపినది. పదార్థముల పాత్రను, పనివారి పాత్రను చూపు గ్రంథము ఇంకొకటి కావలెను. అది తెలుగులో, పదవ తరగతి చదివినవారికి బోధపడు రీతిని వెలువడిన మన పాఠశాలలకు ఎంతయో మేలు. ఈ రంగమున పనిచేయు తెలుగు ఇంజనీర్లు, రసాయన శాస్త్రాచార్యులు కలసి అందుకు పూనుకొందురుగాక.